మంగెరా ఊరి తూకం

కౌన్సిల్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిన రోజున మెర్వ్ ట్రెగెంజా చేతిలో ఉన్నవి ఇవి: ఇరవై టన్నుల దాకా లారీలను తూచే పాత కాటా ఒకటి, దాని పక్కన రేకుల గది ఒకటి, ఆ గది లోపలి గోడ నిండా నూటపదేళ్ల అంకెలు, కాటా స్థలం మీద ఇంకా ఐదు నెలలు మిగిలిన లీజు, గోదాములో కొంత ఎండుగడ్డి, కొంత విత్తనాల గోధుమ, ఎడమ మోకాలిలో నొప్పి. ఉత్తరం రెండే పేరాలు. లీజు ఇక పొడిగించేది లేదు. జనవరి నెలాఖరుకి కాటా, గది తీసేసి, టూరిస్టు బస్సులు నిలవడానికి ఆ జాగా చదును చేస్తారు.

మెర్వ్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. అవతలివాడు మొదట చెప్పిన ధరకి సరుకు వదిలేసిన పాపం అతను అరవై ఆరేళ్లలో ఎప్పుడూ చేయలేదు.

బస్సుల గొడవంతా రైలు పట్టాల పక్కనున్న, గోధుమ నిల్వ చేసే సైలోల వల్ల వచ్చింది. రెండేళ్ల కిందట కౌన్సిల్ వాళ్లు మెల్‌బోర్న్ నుంచి పెయింటర్‌ని పిలిపించి, పదంతస్తుల ఎత్తున్న ఆ సైలోల మీద బొమ్మ వేయించారు. గొర్రెపిల్లను ఎత్తుకున్న అమ్మాయి. ఆ అమ్మాయి ఎవరని అడిగితే ఊళ్లో చెప్పగలిగినవాడు లేడు. పెయింటర్ మేనకోడలట. గొర్రెను అంతకుముందు ఎప్పుడూ ముట్టుకోలేదట. అయినా జనం రావడం మొదలుపెట్టారు. మెర్వ్ ఒక వారం పాటు గోదాము గుమ్మంలో కూర్చుని గడియారం చూశాడు. బండి ఆగడం, మెడ ఎత్తడం, ఫొటో తీయడం, వెళ్లిపోవడం, అన్నీ కలిపి పదకొండు నిమిషాలు. రోడ్డు దాటి ఇటు వచ్చినవాళ్లు వారం మొత్తానికి నలుగురు. ఆ నలుగురూ బాత్రూం ఎక్కడని అడగడానికి వచ్చారు.

కాటా సంగతి అలాంటిది కాదు. అది ఊరికి కాటా మాత్రమే కాదు. ఏటా డిసెంబరులో కోతల ఆఖరి లారీ తూగిన మధ్యాహ్నం, మంగెరా జనమంతా యాభై మంది చొప్పున కాటా ఎక్కుతారు. అందరి బరువూ కలిపి, ఆ సంవత్సరం ఊరి బరువు ఇంత అని గోడ మీద రాస్తారు. టోపీలు తీయాలి, బూట్లు ఉంచుకోవచ్చు, కుక్కలు దిగాలి. కడుపుతో ఉన్నవాళ్లకు తగ్గింపు లేదు. పక్క ఊరు డల్‌గారాతో ఏ ఊరు బరువైనదో తేల్చుకోవడానికి వేసుకున్న పందెంతో ఈ ఆచారం మొదలైంది. పందెం ఆగిపోయింది గానీ తూకం ఆగలేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి కుర్రాళ్లు వెళ్లిన ఏడు ఊరి బరువు మూడు టన్నులు పడిపోయింది. అందులో ఒక టన్ను తిరిగి రాలేదు. అదీ గోడ మీద ఉంది. మొదట మెర్వ్ తాత రాశాడు, తర్వాత నాన్న, ఆఖరి ముప్పై ఒక్క అంకెలు మెర్వ్ రాశాడు.

ఉత్తరం పట్టుకుని కౌన్సిల్ మేనేజరు ట్రెవర్ హాబ్డే దగ్గరికి వెళ్లాడు. హాబ్డే మంగెరాకి వచ్చి మూడేళ్లయింది. చొక్కాకి ఇంకా మడత నలగలేదు.

"చూడండి మెర్వ్, మీ బాధ నాకు తెలుసు. కానీ అది పాత ఇనుము. ఊరికి ఆదాయం తెచ్చేది ఆ బొమ్మ."

"పదకొండు నిమిషాల ఆదాయం."

"ఏమిటి?"

"ఏం లేదు. ఇనుమూ పాతదే, నేనూ పాతవాణ్నే. తీసేయాలంటే ఏం చేయాలో మీరు చెప్పారు. ఉంచాలంటే ఏం చేయాలి?"

హాబ్డే నవ్వాడు. "రాష్ట్ర వారసత్వ కట్టడాల జాబితాలో చేర్పించుకోండి. అప్పుడు నేను ఒక్క మేకు కూడా పీకలేను. కానీ వాళ్లు ఊరికే చేర్చరు. ఊరంతటికీ చెందినదని రుజువు అడుగుతారు."

"రుజువా? గోడంతా రుజువే."

మెర్వ్ ఆ రాత్రే దరఖాస్తు రాశాడు. 'ఊరు ఊరంతా ఎక్కే కాటా, నూటపదేళ్లుగా' అని మొదటి వాక్యం. ఆరు వారాలకి జవాబు వచ్చింది. ఫెంటన్ అనే అధికారిణి డిసెంబరు తూకం రోజున స్వయంగా వచ్చి చూస్తుంది.

అప్పుడు మెర్వ్ లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. తనిఖీ రోజున కాటా నిండుగా కనబడాలి. ఊరి మొదట్లో బోర్డు మీద జనాభా మూడు వందల నలభై అని ఉంది. కిందటేడు తూగినవాళ్లు రెండు వందల అరవై రెండు మంది. మంచం పట్టినవాళ్లు, ఊళ్లో లేనివాళ్లు పాతిక మంది అనుకున్నా, ఇంకా యాభై మందికి పైగా తేడా వస్తోంది. ఎవరా అని వేళ్ల మీద లెక్కపెడితే తెలిసింది. నది ఒడ్డున ఉండేవాళ్లు. ఈ నేల మీద అందరికంటే ముందునుంచీ ఉన్న ఆదివాసులు. కొట్టుకి ఒక గిరాకీ రెండు వారాలు రాకపోతే ఎందుకు రాలేదని ఆరా తీసే మనిషి, వీళ్లు కాటాకి ఎందుకు రారో ఒక్కసారి కూడా ఆరా తీయలేదు.

ఆదివారం పొద్దున్నే బండి వేసుకుని నది వైపు వెళ్లాడు. ఆంటీ పెర్ల్ వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నది ఒడ్డువాళ్లకి పెద్దదిక్కు, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఊళ్లో నలుపూ తెలుపూ తేడా లేకుండా అందరూ ఆమెను ఆంటీ అనే పిలుస్తారు.

"ఏం మెర్వ్, దారి తప్పావా? మీ కాటా ఇటు లేదే."

"మీ కోసమే వచ్చాను ఆంటీ. పదహారో తారీఖు తూకానికి మీవాళ్లంతా రావాలి."

"మేం రావాలనా, మా బరువు కావాలనా?"

"మీ బరువు కావాలి. తనిఖీకి మనిషి వస్తోంది."

పెర్ల్ పకపకా నవ్వింది. "పోనీలే, నిజం చెప్పావు. ఊరంతటి తరఫునా పిలుస్తున్నానని ఏడ్చి ఉంటే కుక్కని వదిలేదాన్ని. కూర్చో. టీలో చక్కెర ఎన్ని చెంచాలు?"

"రెండు."

"ఆ మోకాలికి ఒకటి చాలు." ఒకటే వేసి ఇచ్చింది. "మా నాన్న వాలీ నీకు గుర్తుండడు. ఇరవై రెండేళ్లు మీ తాత దగ్గర బస్తాలు మోశాడు. బస్తా కాటా మీద దించి, దిగి పక్కకి జరిగేవాడు, తన బరువు తూకంలో కలవకూడదని. బస్తాల తూకానికి అది సరే. డిసెంబరులో ఊరి తూకం రోజున అందరితో పాటు ఎక్కబోతే మీ తాత అదే మాట అన్నాడు. 'వాలీ, పక్కకి జరుగు.' నాకప్పుడు ఎనిమిదేళ్లు. కంచె పట్టుకుని చూస్తున్నాను."

మెర్వ్ కప్పు కింద పెట్టాడు.

"ఇంకోటి విను. డల్‌గారా మీద గెలవడానికి ఒక ఏడు మీవాళ్లు జేబుల్లో గుర్రపు నాడాలు వేసుకుని ఎక్కారట కదా. ఇప్పటికీ పబ్బులో చెప్పుకుని నవ్వుకుంటారు. నువ్వూ చెబుతావు."

"చెబుతాను."

"ఆ రోజు కంచె ఇవతల మావాళ్లు అరవై మంది నిలబడి ఉన్నారని మా అమ్మ చెప్పేది. బరువు తక్కువైందని మీవాళ్లకి ఇనుము గుర్తొచ్చింది గానీ, మనుషులు గుర్తు రాలేదు."

ఆ నాడాల కథని మెర్వ్ కనీసం రెండు వందల సార్లు చెప్పి ఉంటాడు. ప్రతిసారీ జనం నవ్వారు. దాంట్లో కంచె అవతల ఎవరో ఉన్నారని అతనికి ఎప్పుడూ తోచలేదు.

"వస్తాం," అంది పెర్ల్. "యాభై ఒక్క మందిమి వస్తాం. ఒక్కటే బేరం. ఆ గోడ మీద అంకెలన్నీ తక్కువ తూకమని తనిఖీ ఆవిడ ముందు నువ్వు చెప్పాలి. నేను చెప్పను. కాటావాడి నోటితో వినాలి నాకు."

"ఆంటీ, నా దరఖాస్తులో మొదటి వాక్యమే ఊరంతా ఎక్కే కాటా అని. ఆ మాట నేనే తప్పని చెబితే జాబితా పోతుంది. జాబితా పోతే కాటా పోతుంది."

"అది నీ నష్టం నాయనా. నా ధర ఇది. బఠాణీలు కొంచెం పట్టుకెళ్లు, మీ అక్కకి ఇష్టం."

మర్నాడు పొద్దున అక్క నొయలీన్ బేకరీలో ఈ మాట చెప్పాడు. అక్కడే కాఫీ తాగుతున్న కోల్ షిర్మర్ విన్నాడు. కోల్ది ఊళ్లో ఉన్న ఒకే ఒక పబ్బు. ముప్పై ఏళ్లుగా ప్రతి శుక్రవారం సాయంత్రం ఇద్దరూ కలిసే తాగుతారు.

"నీకు ఎండ దెబ్బ తగిలింది," అన్నాడు కోల్. "వాళ్లు రాకపోతే రాకపోనీ. రెండు వందల అరవై చాలు. ఆవిడేం బోర్డు చూసి లెక్కపెడుతుందా?"

"నేను లెక్కపెట్టాను కదా."

"మీ తాత దొంగ అని ఊరి నడిబొడ్డులో చెబుతావా?"

"దొంగ అనను. తూకం తక్కువ అంటాను."

"కాటావాడికి ఆ రెండూ ఒకటేరా!"

"అవును," అన్నాడు మెర్వ్. "అదే నా ఇబ్బంది."

నొయలీన్ పిండి చేతులతో వచ్చి నిలబడింది. "ఒరే, నాన్న కూడా రాశాడు ఆ గోడ మీద."

"రాశాడక్కా. నేనూ ముప్పై ఒకటి రాశాను. తేడా ఉందని తెలియక రాశాం. ఇప్పుడు తెలిసింది. తెలిశాక కూడా అదే కాటా మీద తూస్తే, రేపు లారీ తోలే షేన్ గోధుమ తెచ్చి నా తూకం చీటీ ఎందుకు నమ్మాలి?"

"లారీ వేరు, ఇది వేరు."

"ముల్లు ఒకటే అక్కా."

నొయలీన్ బఠాణీల సంచి అందుకుని లోపలికి వెళ్లిపోయింది.

పదహారో తారీఖు ఎండ నలభై రెండు డిగ్రీలు. ఆఖరి లారీ మూడు గంటలకి తూగింది. పొయ్యి మీద సాసేజీలు చిటపటమంటున్నాయి. ఈగలు తోలుకుంటూ జనం చెట్ల నీడలో ఉన్నారు. ఫెంటన్ గడ్డి టోపీ పెట్టుకుని గదిలోకి వెళ్లి, గోడ మీద అంకెలన్నీ ఒక్కొక్కటిగా చదివింది. మూడు టన్నులు పడిపోయిన చోట చాలాసేపు నిలబడింది. ఆమె వెనకే హాబ్డే. పబ్బు వైపు నీడలో కోల్. రోడ్డుకి అవతల, ఎండలో, ఆంటీ పెర్ల్, ఆమె వెనక నది ఒడ్డు జనం. ఇంకా రోడ్డు దాటలేదు.

మెర్వ్ గది మెట్టు మీద నిలబడ్డాడు. అతనికి ఉపన్యాసాలు రావు.

"మేడమ్, నేను రాసి పంపిన దరఖాస్తులో ఒక తప్పుంది. ఊరంతా ఎక్కే కాటా అని రాశాను. ఊరంతా ఎక్కలేదు. ఈ నేల మీద మాకంటే ముందున్నవాళ్లని మా తాత ఎక్కనివ్వలేదు. ఆ తర్వాత మేం పిలవలేదు. ఈ గోడ మీద ఒక్క అంకె కూడా సరైనది కాదు. అన్నీ తక్కువే. ఇది కాటా నడిపేవాడిగా చెబుతున్నాను."

చెప్పి ఊరుకోలేదు. గదిలోకి వెళ్లి, కుంచె నల్ల రంగులో ముంచి, తాత రాసిన మొదటి అంకె పైన, అందరికీ కనబడేలా రాశాడు: ఇంతవరకు తూకం తక్కువ.

హాబ్డే ముఖం వికసించింది. "విన్నారుగా మేడమ్? ఊరంతటిదీ కాదని ఆయనే ఒప్పుకున్నాడు."

"ఒప్పుకున్నాను," అన్నాడు మెర్వ్. "గడిచిన నూటపదేళ్ల గురించి ఒప్పుకున్నాను. ఈ రోజు గురించి ఒప్పుకోలేదు. కొంచెం పక్కకి జరగండి, జనం ఎక్కాలి."

కోల్ చేతిలో గ్లాసు కింద పడేసి వెనక్కి తిరిగాడు. "మా తాతలు కూడా ఉన్నారు ఆ గోడ మీద! వాళ్లందరి మీదా బురద చల్లావు కదరా!" అతని వెంట ఇంకొందరు కదిలారు. మెర్వ్ లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది మంది. ఆపలేదు.

పెర్ల్ రోడ్డు దాటింది. కాటా పలక మీద మొదటి అడుగు ఆమెదే. నెత్తిన వెడల్పాటి టోపీ ఉంది.

"టోపీ తీయాలి ఆంటీ. రూలు."

"తీయను. ఇన్నేళ్లు మమ్మల్నే తీసేశారు, టోపీ కూడానా?"

"ఉంచితే పావు కిలో ఎక్కువ పడుతుంది."

"పడనీ. పాత బాకీలో జమ చేసుకో."

మొదట నవ్వింది నొయలీన్. అంతవరకూ బేకరీ గుమ్మంలోంచి కదలని మనిషి, ఏప్రను విప్పి పడేసి వచ్చి పెర్ల్ పక్కన నిలబడింది. ఆ తర్వాత జనం ఎక్కడం, దిగడం, మెర్వ్ ముల్లు చూసి రాయడం. రెండు వందల డెబ్బై ఐదు మంది. పద్దెనిమిది టన్నుల నాలుగు వందల ఇరవై కిలోలు. కిందటేటికంటే ఎనభై కిలోలు ఎక్కువ.

జనవరి రెండో వారంలో ఫెంటన్ నివేదిక వచ్చింది. మర్యాదగా రాసింది. ఊరంతటికీ చెందినదనడానికి ఒక్క సంవత్సరం రుజువే ఉంది, అది చాలదు, జాబితాలో చేర్చలేమని సారాంశం. మెర్వ్‌కి ఆమె మీద కోపం రాలేదు. ఆమె తూకం సరిగ్గానే ఉంది. కానీ లీజు గడువు పదిహేడు రోజుల్లో ఉంది.

ఫిబ్రవరి ఒకటిన పొద్దున ఏడు గంటలకి షేన్ పెద్ద తవ్వే యంత్రం తోలుకొచ్చాడు. షేన్ ఊరివాడే. ఏడాదిలో పది నెలలు లారీ, రెండు నెలలు కౌన్సిల్ కాంట్రాక్టు పనులు. అతను వచ్చేసరికి కాటా పలక నడిమధ్య మడత కుర్చీలో ఆంటీ పెర్ల్ కూర్చుని ఊలు అల్లుకుంటోంది. పక్కన ఇంకో కుర్చీలో మెర్వ్, కాలు చాపుకుని.

"దిగండి మెర్వ్," అన్నాడు హాబ్డే. "లీజు నిన్నటితో అయిపోయింది. ఇది అతిక్రమణ."

"పోలీసుల్ని పిలవండి. సార్జెంటు పదహారో తారీఖున అందరూ దిగాక ఒక్కడే నా కాటా ఎక్కి చూసుకున్నాడు. తొంభై ఎనిమిది కిలోలు. ఆ సంగతి వాళ్లావిడకి చెప్పలేదని నా మీద మంచి అభిప్రాయం ఉంది."

"షేన్, మొదలుపెట్టు. గది వైపు నుంచి తవ్వు."

షేన్ యంత్రం దిగి, గదిలోకి వెళ్లి ముల్లు చూసి బయటికి వచ్చాడు. "కుదరదు సార్."

"ఎందుకు కుదరదు?"

"కాటా మీద బరువుంది. బరువున్న కాటాని ముట్టుకోకూడదు. అడుగున ఉన్న ఇనప కడ్డీలు విరిగితే పలక ఒరుగుతుంది, మనుషులు కింది గోతిలో పడతారు. మా నాన్న నాకు నేర్పిన మొదటి మాట అది. ఖాళీ చేయించండి, తవ్వుతా."

"నూట యాభై ఒక్క కిలోలు," అన్నాడు మెర్వ్. పక్కనున్న పుస్తకంలోంచి తూకం చీటీ చింపి హాబ్డేకి అందించాడు. "దగ్గర ఉంచుకోండి. మారినప్పుడల్లా కొత్తది ఇస్తాను."

పదకొండు రోజులు కాటా ఒక్క క్షణం కూడా ఖాళీగా లేదు. నది ఒడ్డువాళ్లు, నొయలీన్, చుట్టుపక్కల తోటలవాళ్లు, బడి టీచర్లు వంతులు వేసుకున్నారు. ఒకరు ఎక్కాకే ఇంకొకరు దిగాలి. అదొక్కటే నియమం. ఎండకి టార్పాలిన్ కట్టారు. కోల్ రాలేదు. మూడో రోజు అతని భార్య బకెట్ నిండా ఐస్ తెచ్చి పెట్టి వెళ్లింది. రాత్రి వంతులు పెర్ల్ మనవళ్లు తీసుకున్నారు. మెర్వ్ వద్దంటే, "నువ్వు పడుకో, నీ గురకకి ముల్లు ఊగుతోంది," అన్నారు.

ఎవరూ అనుకోనిది ఇంకొకటి జరిగింది. సైలో బొమ్మ చూడటానికి వచ్చినవాళ్లు, రోడ్డుకి ఇవతల టార్పాలిన్ కింద కుర్చీల్లో జనం ఏం చేస్తున్నారా అని దాటి రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు గదిలోకి వెళ్లి గోడ చదివారు. పైన నల్ల అక్షరాలు చూసి, ఇదేమిటని అడిగారు. చెప్పేది పెర్ల్. 'వాలీ, పక్కకి జరుగు' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు ప్రతిసారీ ఒకేలా ఉండేది, పెరిగేది కాదు, తగ్గేది కాదు. ఒక బస్సు డ్రైవరు గంటంబావు సేపు తన జనాన్ని మళ్లీ బస్సు ఎక్కించలేకపోయాడు. నొయలీన్ బేకరీలో పన్నెండుకల్లా ఒక్క రొట్టె కూడా మిగల్లేదు. ఆ బస్సు కంపెనీ వాళ్లే కౌన్సిల్‌కి ఫోన్ చేసి, ఆ కాటా తీసేస్తున్నారట, నిజమేనా అని అడిగారు.

పన్నెండో రోజు కౌన్సిల్ సభ్యులు సమావేశమయ్యారు. కాటా ఉంచాలని ఆరుగురు, తీసేయాలని ముగ్గురు. బస్సులు ఫుట్‌బాల్ మైదానం వెనక నిలవాలి. అక్కణ్నుంచి సైలోకి నడవాలంటే కాటా ముందు నుంచే నడవాలి. హాబ్డే కొత్త లీజు కాగితాలు తనే తెచ్చి ఇచ్చాడు.

"మొండివాళ్లు మీరు," అన్నాడు.

"మొదట సంతకం పెట్టండి," అన్నాడు మెర్వ్. "తర్వాత తిట్టండి."

ఆ సాయంత్రం గోదాము గుమ్మంలో కూర్చుని మెర్వ్ చివరి లెక్క చూసుకున్నాడు. పోయినవి: రాష్ట్ర జాబితా, దానితో వచ్చే ఇత్తడి పలక, పన్నెండు రోజుల వ్యాపారం, మా తాత మంచివాడు అని నిబ్బరంగా అనగలిగే నోరు, కోల్‌తో శుక్రవారాలు, బహుశా బతికున్నంత కాలం. వచ్చినవి: పదిహేనేళ్ల లీజు; ఎక్కడిది అక్కడే ఉన్న కాటా; ఆంటీ పెర్ల్ పేరు కూడా ఉన్న లీజు కాగితం, ఎందుకంటే సంతకాల చోట రెండో గీత ఖాళీగా ఉంటే మెర్వ్ పెన్ను ఆమెకి ఇచ్చాడు; గోడ మీద నూట పదకొండు అంకెలు, అందులో సరైన తూకానికి దగ్గరగా వచ్చినది ఒకటి.